కిం లియెన్‌లో రెండు యిళ్ళు

మహానాయకుల బాల్యగృహాలను గూర్చి రాసేటప్పుడు మన రచయితలకు ఒక అలవాటు వున్నది. గడ్డి కప్పునూ, మట్టి నేలనూ, పాత చాపనూ వర్ణించి, "యింత పేద యింటి నుంచి యింత గొప్పవాడు వచ్చాడు" అని ఆశ్చర్యపడి అక్కడితో ఆగిపోతారు. యీ ఆశ్చర్యంలో చరిత్ర లేదు. గడ్డి కప్పుల కింద కోట్లమంది పుట్టారు. వారంతా దేశాలను విముక్తం చేయలేదు. పేదరికమే విప్లవకారుణ్ణి తయారుచేసేదయితే విప్లవాలకు పార్టీలూ, పుస్తకాలూ, పోరాటాలూ అవసరమే వుండేది కాదు. కనుక ఒక నాయకుని పుట్టినింటిని చూడబోయేవారు వేయవలసిన ప్రశ్న వేరు: ఆ యిల్లు ఎవరు కట్టారు? ఎవరి శ్రమ మీద నడిచింది? దాని గుమ్మంలోకి ఏ ఆలోచనలు వచ్చాయి? అందులోనుంచి ఎవరెవరు, ఎందుకు బయటికి పోవలసివచ్చింది?

యీ ప్రశ్నలతో వియత్నాం మధ్యభాగంలో న్గె ఆన్ రాష్ట్రంలోని కిం లియెన్ గ్రామాన్ని పరిశీలించడం యీ వ్యాసం వుద్దేశం. హో చి మిన్ అని ప్రపంచమెరిగిన మనిషి న్గుయెన్ సిన్ కుంగ్ అనే పేరుతో 1890 మే 19న అక్కడ పుట్టాడు. ఆ తేదీనే వియత్నాం అధికారికంగా పాటిస్తున్నది.

హనోయి నుంచి దక్షిణంగా సుమారు మూడువందల కిలోమీటర్లు పోతే వీన్ పట్టణం వస్తుంది. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, 2025 దాకా నాం దాన్ జిల్లాగా వుండిన ప్రాంతంలో కిం లియెన్ వున్నది. ఒక వైపు కొండలు, మరొక వైపు సముద్రం, మధ్య సన్నని మైదానం. వేసవిలో లావోస్ కొండలమీదుగా వేడిగాలి వచ్చి పైరును మాడ్చివేస్తుంది. వర్షకాలంలో తుఫానులూ, వరదలూ వచ్చి మాడగా మిగిలినదాన్ని ముంచుతాయి. చాలని భూమి, చాలని తిండి. యిటువంటి నేల మీద మనిషికి రెండే దారులు తోచేవి: ఒకటి, చదువుకొని పరీక్ష గెలిచి కొలువులో చేరడం, రెండవది, తిరగబడడం. న్గె ఆన్ యీ రెండింటికీ పేరుపడింది. ఆ రెండు దారులూ ఒకే యింట్లో కలుసుకొన్న కథ మనకిక్కడ కనిపిస్తుంది.

కిం లియెన్ అంటే బంగారు తామర అని అర్థం. తామరకొలనుల వల్ల తండ్రి ఊరికి సెన్, అనగా తామరల ఊరు, అనే వాడుక పేరు వచ్చింది. తల్లి ఊరు హొవాంగ్ త్రూ. రెంటికీ మధ్య దూరం సుమారు రెండు కిలోమీటర్లు. రెండుచోట్లా రెండు యిళ్ళు వున్నాయి. యాత్రికులు సాధారణంగా రెంటినీ ఒకే గౌరవంతో చూసి వెళతారు. కాని వాటి వెనుకనున్న సామాజిక సంబంధాలు ఒకటి కావు.

మొదటిది హొవాంగ్ త్రూలోని మూడంకణాల చిన్న యిల్లు. వెదురు, తడికలు, గడ్డి కప్పు. దీన్ని కట్టించినవాడు హొవాంగ్ డూంగ్ అనే పల్లెటూరి పంతులు. తల్లిదండ్రులను కోల్పోయి, అన్నగారి యింట గేదెలు కాసుకొంటూ, చదువుమీద ఆశ చావని ఒక కుర్రవాణ్ణి ఆయన చేరదీశాడు. ఆ కుర్రవాడే న్గుయెన్ సిన్ సాక్. పంతులుగారు అతనికి అక్షరాలు నేర్పి, పెంచి, 1883లో తన కుమార్తె హొవాంగ్ థీ లొవాన్‌నిచ్చి పెండ్లి చేసి, తన పెరట్లోనే యీ చిన్న యిల్లు వేయించాడు. యిల్లరికపు అల్లుడన్న మాట. యీ యింట్లోనే కుమార్తె థాన్, కుమారుడు ఖియెం, ఆ తరువాత కుంగ్ పుట్టారు.

యీ కుటుంబాన్ని వట్టి నిరుపేద రైతు కుటుంబమనడం తప్పు. యిది చదువుకొన్నవారి కుటుంబం. పల్లెలో గౌరవం వున్న కుటుంబం. అలాగని భూస్వామి కుటుంబమూ కాదు. మర్యాదకు లోటులేక, తిండికి లోటున్న ఆ మధ్యస్థితి మన వీధిబడి పంతుళ్ళను ఎరిగిన తెలుగు పాఠకులకు కొత్తది కాదు. యీ స్థితిలోని మనిషి రెండు వైపులా చూడగలడు. అతడు పరీక్ష గెలిస్తే పైవారిలో కలుస్తాడు; ఓడితే మళ్ళీ పొలానికి పోతాడు. హో చి మిన్ రాజకీయ జీవితంలో రైతుతో రైతుగా, పండితునితో పండితునిగా మాట్లాడగల శక్తికి మూలం కేవలం పేదరికం కాదు; యీ మధ్యస్థితి.

ఆ యింట్లో యాత్రికులు తప్పక చూసే వస్తువు ఒక మగ్గం. పరీక్షలకు చదివే మగవాని చదువు వెనుక నేసే ఆడదాని శ్రమ వుండేది. భర్త ఏళ్ళ తరబడి పుస్తకాల ముందు కూర్చుంటే, మగ్గం మీదా పొలంలోనూ పనిచేసి సంసారాన్ని యీడ్చినది హొవాంగ్ థీ లొవాన్. కన్ఫ్యూషియన్ సమాజం యీ శ్రమను "ధర్మం" అన్నది, కూలి అనలేదు. సాక్ 1894లో ప్రాంతీయ పరీక్ష గెలిచాడు. 1895లో రాజధాని హుయేకు చదువుకై పోతూ భార్యనూ, యిద్దరు కొడుకులనూ వెంటబెట్టుకు వెళ్ళాడు. అక్కడ కూడా సంసారాన్ని నడిపింది ఆమె నేతపనే. 1900లో సాక్ పరీక్షల పనిమీద పెద్ద కొడుకుతో థాన్ హొవాకు వెళ్ళాడు. ఆ సమయంలో ఆమె నాలుగవ బిడ్డను కని, కోలుకోలేక, 1901 ఫిబ్రవరిలో కన్నుమూసింది. అప్పటికామెకు ముప్ఫైమూడేళ్ళు నిండలేదు. పక్కనున్నది పదేళ్ళు దాటిన కుంగ్, చేతిలో పసికందు. కొద్దికాలానికి ఆ పసికందు కూడా చనిపోయాడు.

అదే 1901లో సాక్ రాజధాని పరీక్షలో రెండవ శ్రేణి డాక్టరు పట్టా పొందాడు. నేసినామె ఫలితం చూడలేదు. పంచాంగంలో ఒకే సంవత్సరంలో పడిన యీ రెండు సంగతులను కలిపి చదవాలి. మ్యూజియంలో పట్టా ఒక గదిలోనూ, మగ్గం ఒక గదిలోనూ వుండవచ్చు. జీవితంలో అవి విడివిడిగా లేవు.

ఇక రెండవ యిల్లు. పట్టా పొందిన పండితుడు తన తండ్రి ఊరికి తిరిగిరావాలనేది ఆచారం. ఆ పట్టా ఒక మనిషికే కాదు, ఊరికంతకూ కీర్తి. అందువల్ల సెన్ గ్రామస్థులు ఊరి ఉమ్మడి నిధులతో, ఉమ్మడి భూమి మీద, అయిదంకణాల యిల్లు నిలబెట్టి సాక్‌కు యిచ్చారు. దీన్ని వియత్నాం పల్లె వ్యవస్థను తెలిసి అర్థం చేసుకోవాలి. పూర్వం అక్కడ ప్రతి ఊరికీ కొంత ఉమ్మడి భూమి వుండేది. పండుగలకూ, అనాథలకూ, విద్యావంతుల గౌరవానికీ దాని నుంచి ఖర్చుపెట్టేవారు. ఫ్రెంచివారి పన్నుల ఒత్తిడీ, పెద్దల కబ్జాలూ కలిసి ఆ ఉమ్మడి భూమిని క్రమంగా హరించివేశాయి. హరించుకుపోతున్న ఆ సమష్టి జీవితం తన చివరి రోజులలో చేసిన కానుక యీ యిల్లు. అందులో ఫ్యూడల్ గౌరవం వున్నది, నిజమే. కాని ఊరంతా కలిసి ఒక యిల్లు కట్టగలదనే సంగతి కూడా వున్నది. పదకొండేళ్ళ కుర్రవాడు తన తండ్రికి ఊరు యిల్లు యివ్వడం చూశాడు. ఊరికి తన కుటుంబం రుణపడి వున్నదన్న భావం అతనికి ఉపన్యాసాల వల్ల రాలేదు.

యీ యింటికి వచ్చేనాటికి కుంగ్‌కు తండ్రి కొత్త పేరు పెట్టాడు: న్గుయెన్ తాట్ థాన్. 1901 నుంచి 1906 వరకు అతడు యిక్కడ పెరిగాడు. మందార కంచె, పెరట్లో చిలగడదుంపల మడి, లోపల పూర్వీకుల పూజాస్థలం, చెక్క బల్లలు, మంచాలు. ముందరి అంకణాలు అతిథులకు. ఆ అతిథులలోనే అసలు చరిత్ర వున్నది.

ఆ కాలం ఎలాంటిది? 1884 ఒడంబడికతో వియత్నాం రాజు ఫ్రెంచివారి చేతిలో బొమ్మ అయ్యాడు. 1885లో రాజును ఆదుకోమని పండితులు లేవదీసిన తిరుగుబాటు పదేళ్ళు సాగి, 1896 నాటికి అణగిపోయింది. 1897లో పాల్ డూమేర్ గవర్నర్ జనరలుగా వచ్చి ఉప్పు, సారా, నల్లమందుల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని బిగించాడు. రైతు తాగినా తాగకపోయినా సారా లెక్క అతని ఊరి మీద పడేది. సముద్రం పక్కనే వుండి ఉప్పును సర్కారు ధరకు కొనుక్కోవాలి. వీటిపై తలపన్ను, భూమిపన్ను. వీటన్నిటిపై వెట్టి. లావోస్ వైపు కొండల్లోకి వేసే రోడ్డుపనికి న్గె ఆన్ పల్లెల నుంచి మనుషులను తోలుకుపోయేవారు. అడవి జ్వరాలతో తిరిగివచ్చినవారూ, అసలు తిరిగిరానివారూ ప్రతి ఊళ్ళోనూ వుండేవారు.

సెన్ గ్రామంలో బాలుడు చదువుకొన్న పంతులు వూంగ్ థుక్ క్వీ. ఆయన తండ్రి ఫ్రెంచివారిపై తిరగబడి, పట్టుబడడం యిష్టంలేక నీళ్ళలో దూకి ప్రాణం విడిచినవాడు. అటువంటి పంతులు చైనా గ్రంథాలు చెబుతూ ఏ భాగాన్ని వొత్తి చెప్పివుంటాడో వూహించడం కష్టం కాదు. ఊరి దారిలో ఒక కమ్మరి కొలిమి వున్నది. బాలుడు అక్కడ కూర్చొని పెద్దలు చెప్పుకొనే పాత తిరుగుబాట్ల కథలు వినేవాడని జీవితచరిత్రకారులు రాశారు. యిక యింటికి వచ్చే అతిథులలో ముఖ్యుడు ఫాన్ బోయ్ చౌ. ఆయనదీ నాం దానే. 1904లో రహస్య సంఘాన్ని స్థాపించి, 1905 నుంచి యువకులను జపాను పంపే ఉద్యమం నడిపిన దేశభక్తుడు. ఆయన మాటలకు తేనీరు అందిస్తూ కూర్చున్న బాలుడు ఆయనను గౌరవించాడు. కాని ఆయన వెంట జపాను వెళ్ళలేదు.

యిక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. వీరపూజా దృష్టితో రాసేవారు పదిహేనేళ్ళ బాలుడే జపాను సామ్రాజ్యవాద స్వభావాన్ని కనిపెట్టినట్టు రాస్తారు. అలా అనడానికి ఆధారం చాలదు. అనదగినది యింతమాత్రమే: తూర్పు దారిలో పోయినవారికి ఏమి జరిగిందో అతని తరం చూసింది. 1909 నాటికి జపాను ప్రభుత్వం ఫ్రాన్సుతో స్నేహం కోసం ఫాన్ బోయ్ చౌనూ, ఆయన విద్యార్థులనూ వెళ్ళగొట్టింది. అప్పటికే బాలుని ఆసక్తి మరొక వైపు మళ్ళింది. 1905లో అతడు వీన్‌లో ఫ్రెంచి పాఠశాలలో చేరాడు. 1923లో మాస్కోలో రష్యన్ కవి ఓసిప్ మండెల్‌స్టామ్‌తో మాట్లాడుతూ, తాను పదమూడేళ్ళ ప్రాయంలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే ఫ్రెంచి మాటలను మొదటిసారి విన్నాననీ, ఆ మాటల వెనుక ఏమున్నదో చూడాలనిపించిందనీ చెప్పుకొన్నాడు. వెట్టికి తోలేవాని భాషలోనే సమానత్వమనే మాట వుండడం ఒక వైరుధ్యం. ఆ వైరుధ్యమే అతణ్ణి పడమటికి లాగింది.

1906లో తండ్రి యిక తప్పించుకోలేక హుయేలో కొలువుకు వెళ్ళాడు. కొడుకులిద్దరూ వెంట వెళ్ళారు. 1908లో మధ్య వియత్నాం రైతులు పన్నులకూ వెట్టికీ వ్యతిరేకంగా హుయేకు తరలివచ్చినప్పుడు విద్యార్థి థాన్ వారి పక్షాన నిలిచాడని జీవితచరిత్రలన్నీ చెబుతున్నాయి. 1909లో తండ్రి బిన్ ఖేలో జిల్లా అధికారి అయ్యాడు. పేద ఖైదీలను వదిలిపెట్టేవాడనీ, పెద్దలపట్ల కఠినుడనీ పేరుపడ్డాడు. ఒక పలుకుబడిగల వ్యక్తికి బెత్తపు దెబ్బల శిక్ష వేయగా ఆ మనిషి తరువాత మరణించడంతో 1910లో ఉద్యోగం పోయింది. ఆ తరువాత ఆయన దక్షిణదేశంలో నాటువైద్యం చేసుకొంటూ తిరిగి, 1929లో కావో లాన్‌లో చనిపోయాడు. పరీక్షలు గెలిచి ఊరికి కీర్తి తెచ్చిన దారి అక్కడ ముగిసింది. ఆ పరీక్షలే 1919తో రద్దయ్యాయి. అంటే కొడుకు తండ్రి దారిని తిరస్కరించాడనడం కంటే, ఆ దారే తెగిపోయిందనడం సత్యం. 1911 జూన్ 5న సైగాన్ రేవునుంచి ఒక ఫ్రెంచి ఓడలో వంటవాని సహాయకుడుగా, బా అనే పేరుతో, ఆ పండితపుత్రుడు బయలుదేరాడు. పుస్తకం పట్టిన చేయి గిన్నెలు తోమడానికి సిద్ధపడడం ఆ సమాజంలో చిన్న విషయం కాదు.

అయినా అతడు ఆ యింటి చదువును పారవేయలేదు. 1942–43లో చైనా జైళ్ళలో రాసిన పద్యాల డైరీ చైనా ప్రాచీన ఛందస్సులో వున్నది. తండ్రి దగ్గరా, వూంగ్ పంతులు దగ్గరా నేర్చిన పాత సాహిత్యరూపం, కమ్యూనిస్టు ఖైదీ చేతిలో కొత్త వస్తువును మోసింది. సంప్రదాయాన్ని ఏం చేయాలనే చర్చ మన సాహిత్యంలోనూ తెగలేదు. ఆ చర్చలో పాల్గొనేవారు యీ ఉదాహరణను గుర్తుంచుకోవడం మంచిది.

ఆ యింటి నుంచి వెళ్ళినవాడు అతడొక్కడే కాదన్న సంగతి తరచు మరుగునపడుతుంది. అక్క థాన్, అన్న ఖియెం యిద్దరూ ఫ్రెంచివారిపై రహస్యోద్యమాలలో పాల్గొని జైళ్ళకు వెళ్ళారు. తల్లి అస్థికలను 1922లో హుయే నుంచి ఊరికి తెచ్చినది ఆ కూతురే. 1930 సెప్టెంబరు 12న పక్కనున్న హుంగ్ న్గుయెన్ వద్ద పన్నులు తగ్గించమని నడిచివస్తున్న రైతులపై ఫ్రెంచి విమానాలు బాంబులు వేసి రెండువందలకు పైగా ప్రాణాలు తీశాయి. ఆ సంవత్సరం న్గె ఆన్, హా తిన్ పల్లెలలో రైతులు సోవియట్లు ఏర్పరచి, ఉమ్మడి భూములను తిరిగి పంచుకొన్నారు. అప్పుడు హో చి మిన్ దేశంలో లేడు. ఆయన లేకుండానే ఆ నేల లేచి నిలబడింది. నాయకుడు ఊరిని సృష్టించలేదు. ఊరే ఆయననూ, ఆయనతోపాటు పేర్లు మిగలని వేలమందినీ సృష్టించింది.

ఆయన మళ్ళీ ఊరు చూసింది 1957 జూన్‌లో. దాదాపు యాభయ్యేళ్ళ తరువాత. అతిథిగృహంవైపు తీసుకుపోబోతే, అది అతిథులకు, నేను యింటివాణ్ణి, అని పాత దారినే యింటికి నడిచాడని ఊరివారు చెప్పుకొంటారు. ముచ్చటైన కథ. కాని అదే సమయంలో ఆ పల్లెలలో మరొక సంగతి పచ్చిగాయంగా వున్నది. 1953 డిసెంబరులో చట్టమై 1956 వరకు సాగిన భూసంస్కరణ లక్షలాది పేదలకు భూమి యిచ్చింది. దానితోబాటు వర్గ నిర్ణయంలో ఘోరమైన తప్పులు జరిగి, మధ్యరైతులూ, పార్టీలోనే పనిచేసినవారూ శత్రువులుగా ముద్రపడి, అనేకులు అన్యాయంగా శిక్షలకూ మరణానికీ గురయ్యారు. 1956 ఆగస్టులో హో చి మిన్ ఆ తప్పులను బహిరంగంగా అంగీకరించాడు. పార్టీ ప్రధానకార్యదర్శి చూంగ్ చిన్ ఆ పదవి వదులుకొన్నాడు. అయినా నవంబరులో యీ న్గె ఆన్‌లోనే క్విన్ లూలో రైతులు తిరగబడ్డారు, సైన్యం అణచివేసింది. ఏడు నెలల తరువాత ఆయన స్వగ్రామానికి వచ్చాడు.

సామ్రాజ్యవాదుల ప్రచారకులు యీ ఘట్టాన్ని చూపించి రైతుల విముక్తినే కొట్టివేస్తారు. మనవారిలో కొందరు దాన్ని చెప్పకుండా దాటవేస్తారు. యీ రెండూ ఆ చనిపోయినవారికి న్యాయం చేయవు. 1930లో బాంబుల కింద పడినవారి కోసం మాట్లాడేవారికి, 1956లో పొరపాటు తీర్పుల కింద పడినవారి గురించి మాట్లాడే బాధ్యత కూడా వున్నది. ఆ బాధ్యత లేకుండా గడ్డి యిల్లు వొట్టి పటం అవుతుంది.

యిప్పుడు కనబడే యిళ్ళు 1950 దశాబ్దం రెండవ భాగంలో, ఊరివారి జ్ఞాపకాల సాయంతో పునరుద్ధరించినవి. ఏటా లక్షలమంది వస్తారు, సాంబ్రాణి వెలిగిస్తారు, తలలు వంచుతారు. గడ్డి కప్పును కాలానుగుణంగా మారుస్తారు కనుక అది ఎప్పుడూ కొత్తగానే వుంటుంది. కాని మ్యూజియంకు ఒక స్వభావం వున్నది: అది దుమ్మునూ, ఆకలినీ, వెట్టినీ తుడిచి, వినయాన్ని మాత్రం మిగులుస్తుంది. నాయకుని నిరాడంబరత్వం పాలితుల సంతృప్తికి పాఠంగా మారే ప్రమాదం అక్కడే వున్నది. "ఆయన గడ్డి యింట్లో వున్నాడు, నీకేం తక్కువ?" అని ఎవరైనా అడగవచ్చు. ఆయన యిచ్చిన జవాబు అది కాదు.

జవాబు ఆయన వీలునామాలో వున్నది. 1965 మొదలు రాసి, దిద్దుతూ వచ్చిన ఆ కాగితాలలో తన శరీరాన్ని దహనం చేసి, బూడిదను దేశంలోని మూడు భాగాలలో కొండలపై వుంచమనీ, విగ్రహాలూ, స్మారకాలూ వద్దనీ కోరాడు. 1968లో, యుద్ధం గెలిచాక రైతులకు ఒక యేడాది వ్యవసాయపు పన్ను మినహాయించమని చేర్చాడు. ఆయన 1969 సెప్టెంబరు 2న మరణించాడు. స్వాతంత్ర్య దినం కనుక మరుసటి రోజు మరణించినట్టు ప్రకటించారు. దహనం సంగతినీ, పన్ను సంగతినీ అచ్చువేయలేదు. 1975 ఆగస్టులో హనోయిలో రాతి సమాధిమందిరం తెరిచారు. అసలు సంగతులు 1989లోగాని బయటికి రాలేదు.

ఒక వైపు కిం లియెన్‌లో గడ్డి యిల్లు, మరొక వైపు హనోయిలో రాతి మందిరం. ఆయన యీ రెంటిలో ఏది కోరాడో మనకు తెలుసు. పన్నులకోసం వెట్టికి పోయిన మనుషుల మధ్య పెరిగినవాడు, ప్రాణం పోయేముందు రైతు పన్నును తలచుకొన్నాడు. ఆ ఒక్క వాక్యం ఆ గడ్డి యింటికీ, ఆయన రాజకీయానికీ నడుమ వున్న నిజమైన సంబంధం. దాన్ని అచ్చువేయకుండా ఆపి, యింటికి మాత్రం కొత్త గడ్డి వేయడంలో ఏ లోపమున్నదో విద్యార్థులూ, ఉపాధ్యాయులూ చర్చించాలి.

మనదేశానికీ ఆయనకూ స్నేహం వున్నది. 1954 అక్టోబరులో, విముక్తి పొందిన కొద్ది రోజులకే, నెహ్రూ హనోయి వెళ్ళారు. 1958 ఫిబ్రవరిలో హో చి మిన్ భారతదేశం వచ్చారు. ఆ స్నేహాన్ని తలచుకొని కిం లియెన్ పోయేవారు వుంటారు. పోవలసిందే. కాని హొవాంగ్ త్రూలో మగ్గం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడండి. సెన్‌లో ఆ యిల్లు కట్టిన ఊరివారి పేర్లు ఎవరివో అడగండి. నాయకుని పడక చూసినంత శ్రద్ధగా, ఆ పక్క యిళ్ళలో పుట్టి రోడ్డుపనిలోనో, జైలులోనో, తప్పుడు తీర్పులోనో పోయినవారి లెక్క తీయండి. నాయకులను గౌరవించడమంటే వారిని పుట్టించిన ప్రజల లెక్క మరచిపోకపోవడం. చరిత్ర చెప్పేవారి మొదటి పని కూడా అదే.